ములికి మీద గుర్తు

మన లైన్లలో పెద్దవాళ్లకు నేను మిల్లు వర్క్‌షాపు ఫిట్టర్‌గా తెలుసు. పిల్లలకు మాత్రం ఇప్పుడు "బాణాల తాత"ను. ఇంటి వెనక రేకుల షెడ్డులో రోజూ సాయంత్రం ఏం కొడుతుంటానో చాలామంది అడుగుతున్నారు. "ఈ కాలంలో బాణాలేంది, ఎవర్ని కొడతావు?" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తే మేలనిపించింది.

మొదట ఒక మాట. నేను చేసేది బాణాలు కాదు, బాణం కొనకు ఉండే ఇనుప ములుకులు. అలుగు అని కూడా అంటారు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె బాణాన్ని టీవీలో చూసుంటారు. దాని కొన సన్నగా, గుండ్రంగా ఉంటుంది. అట్టలో గుచ్చుకొని నిలబడితే దాని పని అయిపోయినట్టే. వేట ములికి అట్లా కాదు. వేపాకు మాదిరి వెడల్పుగా, రెండు పక్కలా అంచు తేలి ఉంటుంది. అది కోసుకుంటూ పోయేది.

ఈ తేడా నాకు మా నాయన నేర్పించాడు. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. అప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఊరు దాటితే నల్లమల అడవి. మా నాయన కమ్మరి. ఊరివాళ్లకు కర్రులు, కొడవళ్లు, బండికి ఇరుసులు చేసేవాడు. అడవిలోంచి చెంచులు వచ్చేవాళ్లు. తేనె, తపసి బంక, కుంకుడుకాయలు తెచ్చి ఇచ్చి, గొడ్డళ్లు, దుంపలు తవ్వే గునపాలు, ములుకులు చేయించుకొని పోయేవాళ్లు. వెదురు విల్లు వాళ్లే చేసుకుంటారు. అంబు వాళ్లే చేసుకుంటారు. ఇనుము పని మాత్రం మా కొలిమిది. మా తాత కాలం నుంచీ అంతే.

నాకు పదేళ్లప్పటినుంచి తిత్తి ఊదే పని. ఆ వయసులోనే నాయన నోట వందసార్లు విన్న మాట, "మొద్దు ములికి పాపం రా." పెద్దయ్యాక గానీ దాని అర్థం పూర్తిగా తెలియలేదు. తుపాకీ గుండు తగిలిన దెబ్బకే జంతువు పడిపోతుంది. బాణానికి అంత బలం లేదు. అది కోసిన కోతతో, పోయిన రక్తంతో జంతువు పడాలి. అంచు బాగా ఉంటే కోత శుభ్రంగా తెగి, నాలుగడుగులు పరుగెత్తి పడిపోతుంది. అంచు మొద్దుగా ఉంటే చావదు. గాయం మోసుకొని పొదల్లో పడి, పురుగులు పట్టి, రోజుల తరబడి కుళ్లి చస్తుంది. వేటగాడికి కూడూ దక్కదు, జంతువుకు సుఖమైన చావూ దక్కదు. ఆ పాపం ఎవరిది? విల్లు వంచినవాడిది సగం, ములికి చేసినవాడిది సగం అనేవాడు నాయన. జంతువును ఆయన ఎప్పుడూ చూడలేదు. అడవిలోకి వేటకు ఒక్కసారీ పోలేదు. అయినా ఆ లెక్క తన పేరున రాసుకున్నాడు.

అందుకే ప్రతి ములికికీ మూడు పరీక్షలు పెట్టేవాడు. ముంజేతి మీద వెంట్రుకలు అంచుతో గీస్తే రాలాలి. అంబుకు తొడిగి, మొనను గోరు మీద నిలబెట్టి బొంగరంలా తిప్పితే ఊగకూడదు. ఊగిందంటే గాలిలో బాణం పక్కకు లాగుతుంది. మూడోది, చెక్క మొద్దులోకి కొట్టి లాగితే మొన వంగకూడదు, విరగకూడదు. మూడూ అయితేనే మెడ దగ్గర సన్న ఉలితో రెండు చుక్కలు కొట్టేవాడు. అది ఆయన గుర్తు. చదువు రాదు, పేరు రాయలేడు. రెండు చుక్కలే సంతకం.

1973లో, పద్దెనిమిదేళ్లప్పుడు, మేనమామ వెంట నేను బెంగళూరు వచ్చేశాను. అప్పటికి ఒక ఏడాది ముందే, 1972లో, వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి అభయారణ్యమైంది, 1983లో పులుల రిజర్వు అయింది. చెంచులు ములుకుల కోసం కొలిమికి రావడం తగ్గి తగ్గి ఆగిపోయింది. చట్టం తప్పని నేను అనను. పులి మిగిలిందంటే దానివల్లే. అయితే ఇప్పుడు అడవి అంచుల్లో పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు చూస్తే నాయన మాట గుర్తొస్తుంది. తీగ పెట్టినవాడు దాని పక్కన ఉండడు. పందికి పెడితే పులీ చస్తుంది, ఆవూ చస్తుంది, చీకట్లో పొలానికి పోయిన మనిషీ చస్తాడు. విల్లు పట్టినవాడు కనీసం దేన్ని కొడుతున్నాడో కంటితో చూసి కొట్టేవాడు.

మిల్లులో నాకు వర్క్‌షాపు హెల్పరు పని దొరికింది. అక్కడ షటిల్ చూడగానే నవ్వొచ్చింది. మగ్గం పని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నాను. షటిల్ అంటే పడవ ఆకారంలో ఉండే గట్టి చెక్క. లోపల నూలు బాబిన్ ఉంటుంది. రెండు కొనలకూ ఉక్కు మొనలు. నిమిషానికి రెండు వందల సార్లకు దగ్గరగా ఆ పక్క నుంచి ఈ పక్కకు దూసుకుపోతుంది. మా ఊరి బాణం ఇక్కడ గుడ్డ నేస్తోందే అనుకున్నాను. మొన అరిగినా, చెక్క పెచ్చులేచినా నూలు తెగుతుంది. ఇంకా ఖర్మ కాలితే షటిల్ ఎగిరి పక్క మగ్గం దగ్గరున్న మనిషిని కొడుతుంది. మొన సానపట్టి నున్నగా చేసి పంపేది మా టేబులే. ఆ షటిల్ ఏ మగ్గానికి పోతుందో, అక్కడ ఎవరి అన్న నిలబడి ఉంటాడో మాకు తెలియదు. పనిలో చేరిన మొదటి నెలలోనే నాయన మాట ఇక్కడా చెల్లుతుందని అర్థమైంది.

మిల్లు మూతపడ్డాక చేతులు ఊరకుండలేదు. ఎస్పీ రోడ్డులో వాచ్‌మన్ పని చేస్తూ, గుజరీలో పాత ఆకురాళ్లు, లారీ కమాన్ పట్టాలు కొనుక్కొచ్చి షెడ్డులో చిన్న కొలిమి పెట్టుకున్నాను. కమాన్ అంటే ఉర్దూలో విల్లు. విల్లు ముక్కను కోసి బాణం కొన చేస్తున్నానన్నమాట.

పని ఎట్లాగంటే, పట్టాను ఎర్రగా కాల్చి సుత్తితో పలచగా సాగగొట్టాలి. నాయన కొలత మూడు వేళ్ల పొడవు, ఒక వేలి వెడల్పు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అమెరికాలో హోవార్డ్ హిల్ అనే పెద్ద విలుకాడు కూడా వేట ములికికి ఇదే కొలత చెప్పాడట, వెడల్పుకు మూడింతలు పొడవు. 1938లో వచ్చిన రాబిన్‌హుడ్ ఇంగ్లీషు సినిమాకు బాణాలు వేసిన మనిషి ఆయన. ఆయన మాట నల్లమలకు చేరలేదు, నాయన మాట అమెరికాకు పోలేదు. ఇద్దరికీ ఇనుమే చెప్పింది. పొట్టిగా, మరీ వెడల్పుగా ఉంటే గాలి పట్టుకుంటుంది, లోపలికి దిగదు. మరీ సన్నగా ఉంటే వంగుతుంది.

ఆకారం వచ్చాక ఆకురాయితో అంచు తీయాలి. అంచు పూర్తిగా తీయకుండా కొంచెం మందం వదిలి పదును పెట్టాలి. లేకపోతే పలచని అంచు కొలిమిలోనే కాలిపోతుంది. పదునుకు మళ్లీ కాల్చాలి. ఎంత కాల్చాలంటే, అయస్కాంతం అంటుకోని దాకా. ఉక్కు ఆ వేడికి వచ్చిందంటే అయస్కాంతాన్ని పట్టించుకోదు. నాయన దగ్గర అయస్కాంతం లేదు. నీడలో నిలబడి రంగు చూసి చెప్పేవాడు. ఆ వేడిలోనే టక్కున నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే పలచని కమాన్ ఉక్కు చిట్లుతుంది. నాయన ఆముదం వాడేవాడు, నేను పాత ఇంజనాయిలు వాడతాను.

అప్పుడు అది గాజు మాదిరి గట్టిగా ఉంటుంది, కింద పడితే విరుగుతుంది. కాబట్టి ఎమ్రీ కాగితంతో తోమి మెరిపించి, మెడ వైపు నుంచి మళ్లీ మెల్లగా వేడి చూపించాలి. ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘడియ. మెరిసే ఉక్కు మీద మొదట గడ్డి రంగు పాకుతుంది. తర్వాత గోధుమ రంగు, తర్వాత వంకాయ రంగు, తర్వాత నీలం. మెడకు నీలం రావాలి, అక్కడ గట్టిదనం కంటే సాగుడు కావాలి. అంచు గోధుమ, వంకాయ రంగుల నడుమ ఆగాలి. రెప్ప వేసేలోగా దాటిపోతుంది. దాటితే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. ఆఖరున సానరాయి. బరువు ఎనిమిది గ్రాముల దగ్గర పెట్టుకుంటాను, ఒకదానికి ఒకటి తేడా రాకుండా కంసాలి షాపు త్రాసులో తూచి చూసుకుంటాను. ఒక ములికికి నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. నాయన రోజుకు నాలుగు చేసేవాడు.

చేసినవి కాక, సేకరించినవి నలభై మూడు ఉన్నాయి. అందులో నాయన రెండు చుక్కలవి ఆరు. భద్రాచలం వైపు కోయవాళ్లవి కొన్ని మన లైన్లోని ఒకాయన అల్లుడు తెచ్చి ఇచ్చాడు. వాటి మెడకు వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. పిట్టలకు వాడే కొయ్య కొనలు రెండున్నాయి, అవి కావాలనే గుండ్రంగా చేస్తారు, పిట్ట సొమ్మసిల్లి పడాలి గానీ మాంసం చీలకూడదు. ఆదివారం సంతలో, చిక్‌పేట వైపు, తాళంచెవుల గుట్టలో దొరికినవి నాలుగు.

కొన్ని శివరాత్రి నడకలో వచ్చినవి. మనవాళ్లు చాలామంది వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి కాలినడకన పోతారు కదా. ఒక ఏడు ఆ దారిలో ఒక చెంచు పెద్దాయనతో మాట కలిసింది. మా ఊరి పేరు, నాయన పని చెప్పగానే "ఆచారి కొడుకువా!" అని చెట్టు కింద కూర్చోబెట్టాడు. గుడిసె చూరులోంచి ఐదు ములుకులు తీశాడు. నాలుగు నా చేతిలో పెట్టి డబ్బు వద్దన్నాడు. "మంచి గొడ్డలొకటి చేసి తే" అన్నాడు. ఐదోది మాత్రం ఇవ్వలేదు. "ఇది మా అయ్యది" అని మళ్లీ చూరులో పెట్టేశాడు. మరుసటి శివరాత్రికి గొడ్డలి చేసి తీసుకెళ్లి ఇచ్చాను.

ములికి ఎంత పాతదో తలుచుకుంటే ఆశ్చర్యం. మా జిల్లాలోనే జ్వాలాపురం దగ్గర రాతి గుహలో దాదాపు 35 వేల ఏళ్ల నాటి చిన్న చిన్న రాతి అలుగులు దొరికాయి, కొయ్యకు అతికించి వాడే రకం. దక్షిణాదిలో పాత రాతిగూళ్ల సమాధులు తవ్వితే ఇనుప ములుకులు బయటపడతాయి, చచ్చినవాడి పక్కనే పెట్టి పూడ్చినవి. శ్రీకాళహస్తి తిన్నడి కథ మనకు తెలియనిది కాదు. ఇక్కడ కస్తూర్బా రోడ్డు మ్యూజియంలో ఆతకూరు శాసనం ఉంది. సుమారు వెయ్యీ డెబ్భై ఏళ్ల కిందటిది. కాళి అనే వేటకుక్క పెద్ద అడవిపందితో పోరాడి, రెండూ చనిపోతే, ఆ కుక్క కోసం రాయి నిలబెట్టి భూమి ఇచ్చారు. పని చేసి పోయిన కుక్క పేరు కూడా రాతిలో చెక్కిన కాలం అది.

ఇంకొక మ్యూజియం కథ. అమెరికాలో ఇషీ అనే ఆయన, తన తెగలో ఆఖరివాడు. తనవాళ్లందరూ పోయాక 1911లో ఒంటరిగా అడవిలోంచి బయటికొచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యూజియంవాళ్లు చేరదీశారు. అక్కడే ఉండి, వచ్చినవాళ్ల ముందు కూర్చొని పగిలిన సీసా గాజుతో ములుకులు చెక్కి ఇచ్చేవాడు. పక్కనున్న ఆసుపత్రి డాక్టరు పోప్ ఆయన దగ్గర విల్లు విద్య నేర్చుకున్నాడు. ఇషీ 1916లో క్షయతో చనిపోయాడు. ఇప్పుడు అమెరికాలో పాతపద్ధతి విల్లుతో వేటాడేవాళ్లు, చేత్తో ములుకులు చేసేవాళ్లు ఆ డాక్టరు రాసిన పుస్తకం పేరు చెప్పుకుంటారు. ఆ డాక్టరు ఇషీ పేరు దాచలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో రాశాడు. అందుకే ఈ కథ నా దాకా వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట మా ఇంటికి ఒకాయన వచ్చాడు. పెద్ద పెద్ద ఇళ్లకు, హోటళ్లకు గోడల మీద పెట్టే పాత వస్తువులు సరఫరా చేసే మనిషి. నాయన ములుకులు ఒక్కొక్కదానికి మూడు వేలు ఇస్తానన్నాడు. నేను ఇవ్వనంటే, షెడ్డు చూసి ఇంకో బేరం పెట్టాడు. "యాభై చేసివ్వండి. గుర్తు ఏమీ వేయకండి. చింతపండు నీళ్లు, ఉప్పు పూసి నెల రోజులు తుప్పు పట్టించండి. నూరేళ్ల నాటి అడవివాళ్ల ములుకులని అమ్ముకుంటాం. మీకు ఒకటికి ఎనిమిది వందలు."

నలభై వేలు. మనవరాలి డిప్లొమా ఫీజు సరిగ్గా ఆ నెలలోనే కట్టాలి. మా ఆవిడ, "ఇనుముకు వయసెంతని ఎవరడుగుతారు? మనం దొంగతనం చేస్తున్నామా?" అంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. ఇల్లు నడిపేది ఆమె. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

పొద్దున లేచి, ఒకటి చేసి చూద్దామని కొలిమి వెలిగించాను. పట్టా సాగగొట్టాను, ఆకారం తీశాను. పదును పెట్టబోతూ ఆగాను. తుప్పు పట్టించేదానికి పదును ఎందుకు? అంచు ఎందుకు? ఊగుతుందో లేదో ఎవరు తిప్పి చూస్తారు? గోడకు వేలాడేదానికి ములికి ఆకారం ఉంటే చాలు, ములికి అక్కర్లేదు. మూడు పరీక్షల్లో ఒక్కటీ అవసరం లేదు. పైగా దాని కింద చీటీలో "అడవివాళ్లు చేసినది" అని రాస్తారు. ఏ చెంచూ దాన్ని తాకలేదు, ఏ కమ్మరీ దానికి పూచీ పడలేదు. మొద్దు ములుకులు చేసి, వాటిని లేని మనిషి పేరున అమ్మడం. అట్లాంటివి యాభై గోడలెక్కితే, పెద్దాయన చూరులోది నిజమైనదని రేపు ఎవరు నమ్ముతారు?

ఆయనకు ఫోన్ చేసి కుదరదని చెప్పాను. "గుర్తు వేసి, కొత్తవని చెప్పి అమ్ముతానంటే చేసిస్తాను" అన్నాను. కొత్తవి ఎవరికి కావాలని నవ్వి పెట్టేశాడు. ఫీజుకు చీటీ పాట ముందుగా ఎత్తుకున్నాం. తొమ్మిది వేలు తరుగు పోయింది. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరుగు లెక్క ఇప్పటికీ అప్పుడప్పుడూ తీస్తుంటుంది.

ఆ తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. నేను చేసే ప్రతిదానికీ మెడ దగ్గర మూడు చుక్కలు, పక్కన ఏడాది అంకె పంచ్‌తో కొడుతున్నాను. నాయనవి రెండు చుక్కలు, నావి మూడు. రేపు ఎవరి చేతికి పోయినా కలిసిపోవు. నలభై మూడింటికీ దారంతో చీటీలు కట్టాను. ఎవరు చేశారు, ఏ ఊరు, దేనికి వాడేది, నా చేతికి ఎట్లా వచ్చింది అని రాశాను. తెలియనివాటికి "సంతలో దొరికింది, చేసినవారు తెలియదు" అనే రాశాను. పిల్లలు చూడొచ్చు, ముట్టుకోకూడదు. విల్లు నా దగ్గర లేదు, ములికి ఎవరికీ అమ్మను, వేటకు అడిగేవాళ్లు నా గడప తొక్కనక్కర్లేదు.

మీకు చెప్పదలచింది కూడా ఇదే. ఈమధ్య మన మిల్లుల షటిళ్లు, బాబిన్లు పెద్ద షాపుల్లో దీపాల స్టాండ్లుగా, గోడ బొమ్మలుగా అమ్ముతున్నారు. గుజరీవాడికి మనం ఇరవై రూపాయలకు వేసినవే. అమ్ముకోవద్దని నేను అనను, ఇంటి అవసరం ఎవరిది వాళ్లకే తెలుసు. ఉంచుకున్నవాటికి మాత్రం ఒక చీటీ కట్టండి. ఏ మిల్లు, ఏ డిపార్ట్‌మెంటు, ఏ షిఫ్టు, ఎవరి చేతిలో ఎన్నేళ్లు నడిచిందో రాయండి. అమ్మమ్మ రీలింగులో పనిచేసి ఉంటే ఆమె పేరు రాయండి, "ఫలానావారి భార్య" అని కాకుండా ఆమె సొంత పేరే రాయండి. రాయడం రాని పెద్దవాళ్లుంటే వస్తువు నా దగ్గరకు పంపండి. పేరు పొడి అక్షరాలు, ఏడాది పంచ్ కొట్టి ఇస్తాను. డబ్బులు వద్దు. సాయంత్రం ఐదు దాటాక షెడ్డులోనే ఉంటాను. కొలిమి వెలుగుతుంటే బయటినుంచే పిలవండి, రంగు దాటిపోతుంది.